మన ఊరి దోమ, పసుపు పుస్తకం

చిన్నూ, వేదా,

నాన్నకు కెన్యాలోని నైరోబీకి బదిలీ అయిన దగ్గర్నుంచి మీకు సూది టెన్షన్ పట్టుకుందని అమ్మ చెప్పింది. "ఆ ఎల్లో ఫీవర్ మన దగ్గర లేదుగా, మనకెందుకు టీకా" అని వేద అడిగిందట. సబబైన మాటే. జవాబు మీ కూలర్ తొట్టిలో ఉంది.

ఎల్లో ఫీవర్‌ను మోసేది అలాంటి నిలవ నీళ్లలో పెరిగే ఈడిస్ దోమ. నల్లటి ఒంటి మీద తెల్ల చారలుంటాయి, పగలే కుడుతుంది. వానాకాలంలో మనకు డెంగీ అంటించేది కూడా అదే. ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ ఉన్న ఆ వైరస్ మన దేశంలో లేదు, దోమ మాత్రం గల్లీగల్లీకీ ఉంది. వైరస్ సోకిన మనిషి ఒక్కడు శంషాబాద్‌లో దిగి, ఇక్కడి దోమ అతన్ని కుట్టి, అదే దోమ మరొకర్ని కుడితే చాలు, అంటుకుపోతుంది. అందుకే కెన్యా లాంటి దేశాల నుంచి వచ్చేవాళ్లను టీకా కార్డు చూపించమని మన ప్రభుత్వం అడుగుతుంది. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. వైరస్ ఒంట్లో చేరాక జ్వరం బయటపడటానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది మరి. అంటే ఈ సూది మీకెంతో, మీ పక్కింటివాళ్లకూ అంతే.

టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని, పాస్‌పోర్టుతో వెళ్లండి. పసుపు రంగు పుస్తకంలో వివరాలు రాసి ముద్ర వేసిస్తారు. అది చెల్లేది వేయించుకున్న పది రోజుల తర్వాతే, కాబట్టి ప్రయాణం ముందు రోజు పరుగెత్తితే లాభం లేదు. ఒకప్పుడు పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చేది. 2016 జులై నుంచి ఒక్కసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. ఈ టీకాను కోడిగుడ్లలో పెంచుతారు. చిన్నూకు ఆమ్లెట్ తింటే దద్దుర్లు వచ్చేవి కదా, ఆ సంగతి అమ్మ డాక్టరుకు తప్పక చెప్పాలి.

మా రోజుల్లో చాలా దేశాలు మశూచి టీకా కార్డు అడిగేవి. 1980లో ఆ రోగం భూమ్మీద లేదని ప్రకటించారు, కార్డు గొడవా వదిలింది. హజ్‌కు వెళ్లేవాళ్లకు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా ఇప్పటికీ తప్పనిసరి.

ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్న శ్రావణి అక్కది ఇంకో కథ. స్టూడెంట్ వీసాకు టీకాలు అడగరు, యూనివర్సిటీలు అడుగుతాయి. చాలాచోట్ల తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు కావాలి, మధ్యలో కనీసం 28 రోజులు ఉండాలి. సర్కారు వేసే ఎంఆర్‌లో తట్టు, రుబెల్లాలకే రక్షణ, గవదబిళ్లలకు లేదు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంకోటి, పుట్టగానే వేసిన టీబీ టీకా బీసీజీ వల్ల టీబీ చర్మపరీక్షలో జబ్బు లేకపోయినా వాపు రావచ్చు. రక్తపరీక్షకు ఆ చిక్కు లేదు, అదే చేయమని అడగమనండి.

మీ పుట్టినప్పటి టీకాల కార్డులు బీరువాలో వెతికి, రెండు వైపులా ఫోటో తీసి ఈ ఆదివారంలోగా నాకు పంపండి. ఏవి మిగిలాయో చూసి చెప్తాను.

మీ తాతయ్య