370 కిలోమీటర్లకు గంటా ఇరవై నిమిషాలా?

లండన్ హీత్రో విమానాశ్రయం నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్‌కి గాలిదారిలో దూరం దాదాపు 370 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్ విమానానికి అది అరగంట పని కూడా కాదు. కానీ టికెట్ మీద గంటా ఇరవై నిమిషాలని ఉంటుంది. మరి బడిలో నేర్చుకున్న దూరం, వేగం లెక్క ఎక్కడ తేడా కొట్టింది?

టికెట్ మీది సమయం గాల్లో ఎగిరినంతసేపే కాదు. గేటు నుంచి విమానం కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. స్కిపోల్‌లో 2003లో పోల్డర్‌బాన్ అనే రన్‌వే మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లకు మోత తగ్గాలని దాన్ని టెర్మినల్‌కి బాగా దూరంగా కట్టారు. అక్కడ దిగితే గేటు చేరడానికే పావుగంట దాకా పడుతుంది. దారిలో విమానం ఒక వంతెన ఎక్కుతుంది, కిటికీలోంచి చూస్తే కింద హైవే మీద కార్లు పోతుంటాయి. దిగేశామనుకున్నవాళ్లకు ప్రయాణం ఇంకా సాగుతూనే ఉంటుంది!

గాల్లోనూ పూర్తి వేగం దొరికేది కాసేపే. రెక్కలకు బలం అందాలని విమానాలు గాలికి ఎదురుగా పైకి లేస్తాయి. లండన్‌లో ఎక్కువగా వీచేది పడమటి గాలి. అందుకే తూర్పున ఉన్న ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్లాల్సిన విమానం చాలాసార్లు ముందు పడమటికి ఎగిరి, ఆ తర్వాత తిరుగుతుంది. పది వేల అడుగుల లోపు సాధారణంగా గంటకు 460 కిలోమీటర్లు దాటకూడదు. ఇక 25 వేల అడుగుల నుంచి దిగాలంటే దాదాపు 140 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. ఎక్కడానికీ దిగడానికీ పోగా 370లో నిలకడగా ఎగిరేందుకు మిగిలేది ఎంత!

తిరుగు ప్రయాణంలో అదే పడమటి గాలి ఎదురొస్తుంది. పైగా హీత్రోకి ఉన్నవి రెండే రన్‌వేలు. రద్దీ ఉంటే విమానాలు బోవింగ్‌డన్, లాంబోర్న్, ఆకమ్, బిగ్గిన్ అనే నాలుగు చోట్ల, ఒకదానికి వెయ్యి అడుగుల పైన ఇంకొకటిగా, తమ వంతు వచ్చేదాకా చక్కర్లు కొడతాయి. ఆ ఆలస్యాన్ని కూడా ఊహించే ఎయిర్‌లైన్లు టైమ్‌టేబుల్ వేస్తాయి.

గడియారం చూస్తే తికమక ఇంకా పెరుగుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ సమయం లండన్ కన్నా గంట ముందుంటుంది. పదింటికి లండన్‌లో బయల్దేరితే అక్కడ 12:20 అవుతుంది. అక్కడ పదింటికి బయల్దేరితే లండన్‌లో 10:20కే దిగుతాం.

ఇప్పుడు ఏథెన్స్ సంగతి చూడండి. హీత్రో నుంచి దాదాపు 2,400 కిలోమీటర్లు, అంటే దూరం ఆరున్నర రెట్లు. సమయం మాత్రం మూడు గంటల నలభై నిమిషాలు, మూడు రెట్లు కూడా కాలేదు. నేల మీద విమానం నడక, పైకి ఎక్కడం, కిందికి దిగడం రెండు ప్రయాణాల్లోనూ ఇంచుమించు ఒకటే. పెరిగిన దూరమంతా పూర్తి వేగంతోనే సాగుతుంది. అందుకని యూరప్‌లో ఏ రెండు ఊళ్లకైనా ప్రతి 800 కిలోమీటర్లకు గంట వేసుకుని, పైన ముప్పావుగంట కలిపి చూడండి. హీత్రో నుంచి లిస్బన్ 1,560 కిలోమీటర్లు. లెక్క రెండు గంటల నలభై నిమిషాలు దాటి వస్తుంది, టైమ్‌టేబుల్‌లోనూ కాస్త అటూ ఇటూగా అంతే ఉంటుంది.