రెండో ఓడ

చిరంజీవులు పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

"ఏథెన్సువాళ్లూ స్పార్టావాళ్లూ ఇద్దరూ గ్రీకులే కదా తాతయ్యా, మరి ఎందుకు కొట్టుకున్నారు?" అని మొన్న ఫోన్లో అడిగారు. అది రెండు మాటల్లో తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

అప్పట్లో గ్రీసు ఒక దేశం కాదు. కొండల మధ్య, దీవుల మీద వందల ఊళ్లు, ఏ ఊరికి ఆ ఊరే రాజ్యం. భాష ఒకటే, దేవుళ్లు వాళ్లే, ఒలింపియా ఆటలకు అందరూ వెళ్లేవారు. పారశీకులు దండెత్తి వస్తే ఏథెన్సూ స్పార్టా పక్కపక్కన నిలబడి పోరాడాయి కూడా. ఆ గండం గడిచాకే చిక్కొచ్చి పడింది. పారశీకులు మళ్లీ వస్తారేమోనని తీరప్రాంతపు ఊళ్లు క్రీ.పూ. 478లో ఏథెన్సు పెద్దరికాన ఒక కూటమి కట్టాయి. ఓడలు ఇవ్వలేనివాళ్లు డబ్బిచ్చారు. రానురాను ఆ చందా కాస్తా కప్పమైంది. తప్పుకుంటామన్న ఊరి మీదికి ఏథెన్సు ఓడలు వెళ్లేవి. ఏథెన్సు ఇలా బలుస్తుంటే స్పార్టా గుండెల్లో గుబులు పుట్టింది. ఆ యుద్ధంలో సేనానిగా పనిచేసి దాని చరిత్ర రాసిన తుసిడిడీస్ ఈ భయమే అసలు కారణమన్నాడు. 431లో మొదలైన పోరు 404 దాకా నడిచింది.

అందులో ఒక్క సంగతి మీకు తప్పకుండా చెప్పాలి. లెస్బోస్ దీవిలో మిటిలీనీ అనే ఊరు తిరగబడి, 427లో లొంగిపోయింది. ఏథెన్సు సభ కోపంతో ఊగిపోతూ మగవాళ్లందరినీ చంపమని, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలు చేయమని తీర్మానించింది. ఆ ఆజ్ఞతో ఓడ బయలుదేరింది. తెల్లారేసరికి జనానికి మనసొప్పలేదు. తప్పు చేసినవాళ్లతో పాటు ఊరు ఊరంతటినీ చంపడమేమిటనుకున్నారు. సభ మళ్లీ కూడింది. క్లియోన్ చంపాల్సిందేనన్నాడు, డియోడోటస్ వద్దన్నాడు. చేతులెత్తితే ఇంచుమించు సరిసమానం. కొద్ది తేడాతో డియోడోటస్ మాట నెగ్గింది.

కానీ మొదటి ఓడ వెళ్లి అప్పటికే ఒక పగలూ ఒక రాత్రీ అయింది! వెంటనే రెండో ఓడను పంపారు. తెడ్లు వేసేవాళ్లు తినడానికీ ఆగలేదు. ద్రాక్షసారా, ఆలివ్ నూనె పోసి కలిపిన బార్లీ పిండి తింటూనే తెడ్లు వేశారు, వంతులవారీగా కునుకు తీశారు. మొదటి ఓడవాళ్లు మాత్రం అలాంటి పనికి వెళ్తూ తొందరపడలేదు. మిటిలీనీలో సేనాని ఆజ్ఞ చదవడం, రెండో ఓడ రేవు చేరడం దాదాపు ఒకేసారి జరిగాయి. తిరుగుబాటు నడిపించారన్నవాళ్లను చంపారు గానీ, ఊరు బతికింది. ఎన్నిసార్లు చదివినా ఇక్కడికి వచ్చేసరికి నాకు గుండె దడదడలాడుతుంది.

పదకొండేళ్లకు, 416లో, మీలోస్ అనే చిన్న దీవి తమ కూటమిలో చేరనందుకు ఏథెన్సు అక్కడి మగవాళ్లను చంపింది, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేసింది. ఈసారి వెనకాల రెండో ఓడ వెళ్లలేదు.

405లో స్పార్టా ఏథెన్సు నౌకాదళాన్ని తుడిచిపెట్టింది. ఆ కబురు రాత్రివేళ రేవుకు చేరింది. ఏడుపులు ఒకరి నుంచి ఒకరికి పాకుతూ పొడవాటి గోడల వెంట నగరం దాకా వచ్చాయి. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. మీలోస్‌కు తాము చేసిందే ఇప్పుడు తమకూ జరుగుతుందని అందరికీ భయం. మరుసటేడు ఏథెన్సును నేలమట్టం చేయాలని స్పార్టా పక్షాన ఉన్న కొరింత్, థీబ్స్ అనే ఊళ్లు పట్టుబట్టాయి కూడా. స్పార్టా ఒప్పుకోలేదు. పారశీకులు వచ్చిననాడు గ్రీసు కోసం నిలబడ్డ ఊరిని బానిసను చేయబోమంది. గోడలు మాత్రం పిల్లనగ్రోవులు వాయిస్తుండగా పడగొట్టించింది.

థీబ్స్ సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

మీ తాతయ్య