పార్కుకి ఏం కొనాలి అనే ముందు: చిన్న పట్టణాల పార్కులపై అపోహలు, వాస్తవాలు

మున్సిపాలిటీలకు పార్కుల ప్లాన్లు, ఎస్టిమేట్లు తయారుచేయడం నా పని. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ లక్ష, లక్షన్నర జనాభా ఉన్న ఊళ్లలోనే ఎక్కువగా చేశాను. ఏ ఊళ్లోనైనా మొదటి మీటింగ్ దాదాపు ఒకేలా ఉంటుంది. టేబుల్ మీద ఎవరో కంపెనీవాళ్లు ఇచ్చిన కేటలాగ్ ఉంటుంది. "ఓపెన్ జిమ్ పెడదాం, ఫౌంటెన్ పెడదాం, ఊరి పేరు పెద్ద అక్షరాల్లో పెట్టి లైట్లు వేద్దాం" అంటారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు, ఊరికి ఏదైనా చేయాలనే అడుగుతారు. కానీ ఇప్పుడున్న పార్కుకి ఎవరు రావడం లేదు, ఎందుకు రావడం లేదు అన్న మాట ఆ మీటింగ్‌లో చాలా అరుదుగా వస్తుంది. నా దృష్టిలో ప్లాన్ అక్కణ్ణుంచే మొదలవ్వాలి. ఈ పనిలో నేను పదేపదే వినే మాటలు కొన్ని, వాటి గురించి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కొత్త సామాన్లు పెడితే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

వాస్తవం: సామాన్ల కోసం ఒకసారి వస్తారు. మళ్లీ మళ్లీ రావాలంటే నీడ, కూర్చునే చోటు, తాగే నీళ్లు, శుభ్రమైన బాత్రూమ్ ఉండాలి.

ఏ పార్కు పని ఒప్పుకున్నా, టేపు పట్టి కొలతలు తీయడానికి ముందు ఒక రోజంతా అక్కడే కూర్చుంటాను. పొద్దున 5 గంటల నుంచి రాత్రి 8 దాకా. గంటకోసారి నోట్‌బుక్‌లో లెక్క రాసుకుంటాను: మగవాళ్లు ఎంతమంది, ఆడవాళ్లు ఎంతమంది, పిల్లలు, పెద్దవాళ్లు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎంతసేపు ఉన్నారు.

ఒక ఊళ్లో మే నెలలో అలా కూర్చున్నాను. సాయంత్రం 5 గంటలకి ఒక నాయనమ్మ నాలుగేళ్ల మనవణ్ణి తీసుకొచ్చింది. కొత్త జారుడుబల్ల, ఎర్ర రంగుది. వాడు గబగబా మెట్లెక్కబోతుంటే "ఉండరా నాన్నా" అని ఆపి, బల్ల మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేసింది. సంచిలోంచి సీసా తీసి కాసిని నీళ్లు పోసింది. మళ్లీ తాకి చూసింది. కొంగుతో తుడిచింది. చివరికి "వద్దులే, కాలుతోంది" అని వాణ్ణి దించేసింది. ఆ బల్ల నేరుగా పడమటి ఎండకి ఎదురుగా ఉంది. దానికి ఇరవై అడుగుల దూరంలో మంచి కానుగ చెట్టు ఉంది, దాని కింద ఏమీ లేదు. ఆవిడ కూర్చోవడానికి దగ్గర్లో బెంచీ కూడా లేదు. వాళ్లు పార్కులో ఉన్నది 12 నిమిషాలు.

ఆ పార్కుకి నేను రాసిన మొదటి సవరణకి కొత్త సామాను ఏదీ అక్కర్లేకపోయింది. జారుడుబల్లని విప్పి కానుగ నీడలోకి, ఉత్తరం ముఖంగా మార్చాలి. దాన్ని చూస్తూ కూర్చోగలిగేలా, వీపు ఆనించుకునే బెంచీలు రెండు వేయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేచేటప్పుడు పట్టుకోవడానికి బెంచీకి చేతులు ఉండాలి. రాతి దిమ్మెలు ఎక్కువకాలం మన్నుతాయని వేస్తారు, కానీ పెద్దవాళ్లు వాటి మీద పది నిమిషాలకి మించి కూర్చోలేరు.

ఇంకో మాట. జారుడుబల్ల, ఊయల చుట్టూ కనీసం 6 అడుగులు ఏ అడ్డూ లేకుండా ఖాళీ ఉండాలి. ఊయలకి ముందూ వెనకా ఇంకా ఎక్కువ కావాలి. కింద మెత్తటి ఇసుక ఉండాలి, అది గట్టిపడకుండా అప్పుడప్పుడు గుల్లచేస్తుండాలి. సిమెంటు టైల్స్ మీద ఊయల బిగించిన పార్కులు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. పిల్లలు పడితే తల తగిలేది ఆ టైలుకే. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరు ఎంత చెప్పినా నేను సర్దుకోను.

అపోహ: పార్కు పచ్చగా ఉండాలంటే లాన్ వేయాల్సిందే.

వాస్తవం: మన ఎండల్లో లాన్‌కి రోజుకి చదరపు మీటరుకి 5 లీటర్ల దాకా నీళ్లు కావాలి. అర ఎకరం లాన్ అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. అంటే రోజుకి 10,000 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలన్నది నీటి సరఫరా లెక్క. ఆ లెక్కన డెబ్బైమందికి పైగా సరిపడే నీళ్లు ఒక్క గడ్డికే పోతాయి. ఏప్రిల్ రాగానే బోరు తగ్గుతుంది, ట్యాంకర్ వార్డులకి వెళ్లాల్సి వస్తుంది, లాన్ ఎండిపోతుంది. జూలైలో మళ్లీ కొత్త లాన్‌కి ఎస్టిమేట్ వేస్తారు. పైగా అంత ఖర్చుపెట్టి పెంచిన గడ్డి మీద కాలు పెట్టవద్దని బోర్డు పెడతారు.

లాన్ అసలే వద్దని నేను అనను. పిల్లలు దొర్లి ఆడుకునే చోట ఒక చిన్న ముక్క ఉంచి, దాన్ని తొక్కనివ్వండి. మిగతా చోట్ల చెట్ల కింద రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే పరిస్తే నేల తడి ఆరదు, మాలికి సగం పని తగ్గుతుంది. వాన నీళ్లు ఎటు పారుతున్నాయో ఒక జల్లు పడ్డప్పుడు గొడుగేసుకుని వెళ్లి చూడండి. ఆ పల్లంలో ఇంకుడుగుంత తవ్వితే బోరుకి కాస్త ఊపిరి వస్తుంది.

అపోహ: త్వరగా పెరిగే చెట్టే మంచి చెట్టు.

వాస్తవం: ఈ ఆలోచనతోనే డివైడర్ల నుంచి పార్కుల దాకా కోనోకార్పస్ అనే చెట్టుతో నింపాం. నీళ్లు తక్కువైనా బతుకుతుంది, రెండేళ్లలో పచ్చటి గోడలా లేస్తుంది. తర్వాత వేర్లు పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి పోతున్నాయని, పుప్పొడి వల్ల ఊపిరి సమస్యలని ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. పుప్పొడి సంగతి మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదనలున్నాయి, అది వాళ్లు తేల్చాలి. ప్లాన్ వేసేవాడిగా నా అభ్యంతరం వేరు. ఆ చెట్టు కింద పది మంది కూర్చునే నీడ రాదు.

విశాఖపట్నం అనుభవం కూడా గుర్తుంచుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వేల చెట్లని పడగొట్టింది. ఆ తర్వాత నగరాన్ని మళ్లీ పచ్చగా చేయాలన్న తొందరలో ఏడాకుల పాల చెట్లు విపరీతంగా నాటారు. అవి పూతకొచ్చాక రాత్రిళ్లు ఆ ఘాటు వాసన భరించలేకపోతున్నామని, ఆయాసం వస్తోందని జనం మొరపెట్టుకున్నారు. ఒక్కో చెట్టు తోటలో ఉంటే ముచ్చటగానే ఉంటుంది. వీధి పొడవునా అదే ఒక్కటీ నాటినప్పుడే ఇబ్బంది. అందుకే ఒక పార్కులో ఏ చెట్టూ మొత్తంలో నాలుగోవంతు మించకుండా చూస్తాను.

నేను నమ్మే చెట్లు మన ఊళ్లవే: వేప, కానుగ, నేరేడు, పొగడ, గంగరావి. స్థలం బాగా ఉంటే రావి, మర్రి. కానుగ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎండలు ముదిరే వేళకే లేత ఆకు వేసి, సరిగ్గా మనకి అవసరమైనప్పుడు చిక్కటి నీడనిస్తుంది. తురాయి మే నెలలో ఎంత అందంగా పూసినా దాని కొమ్మలు పెళుసు, గాలివానకి విరుగుతాయి. బెంచీల మీద, ఆటస్థలం మీద అది ఉండకూడదు, దూరంగా ఒక మూల ఉండాలి.

ఉన్న చెట్ల సంగతి నాటేవాటి కన్నా ముఖ్యం. వాకింగ్ ట్రాక్ వేసేటప్పుడు చెట్టు మొదలు దాకా టైల్స్ బిగించేస్తారు. ఢిల్లీలో చెట్ల చుట్టూ 1 మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. అది ఢిల్లీకి చెప్పిన మాటే అయినా చెట్టు ఎక్కడైనా చెట్టే, వేరుకి గాలి, నీరు అందాలి. ముప్పై ఏళ్ల వేపని ఊపిరాడకుండా చేసి, దాని పక్కనే కొత్త మొక్కకి ట్రీగార్డు పెట్టడం చూసినప్పుడు నిజంగా బాధేస్తుంది.

అపోహ: మనిషికి ఇన్ని చదరపు మీటర్ల పచ్చదనం ఉంటే చాలు.

వాస్తవం: ఊరి చివర ఒక పెద్ద పార్కు కట్టేసినా ఆ లెక్క సరిపోతుంది. అసలు చూడాల్సింది దూరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం చెప్పేది ఇంటి నుంచి సుమారు 300 మీటర్లలో, అంటే ఐదు నిమిషాల నడకలో, పచ్చటి చోటు ఉండాలని. ఊరి మ్యాప్ మీద ప్రతి పార్కు చుట్టూ 300 మీటర్ల వృత్తం గీయండి. ఏ వృత్తంలోకీ రాని పేటలు కనిపిస్తాయి. చాలాసార్లు అవి ఇరుకు ఇళ్లున్న పేటలే, పార్కు అందరికన్నా ఎక్కువ కావలసింది వాళ్లకే. తర్వాతి రూపాయి అక్కడికి వెళ్లాలి.

అపోహ: లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం ఊరికే పడి ఉంది, అక్కడ హాలో గుడో కట్టుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. పార్కుగా చూపిన స్థలం ఆ కాలనీ వాళ్లందరిది. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1991లో అది చెల్లదని తేల్చింది. ఆసుపత్రి లాంటి మంచి పనికే ఒప్పుకోలేదు. మీ కాలనీ స్థలానికి ఏం చేయాలో తేలకపోయినా ముందు కంచె వేసి, బోర్డు పెట్టి, నాలుగు వేప మొక్కలు నాటండి. ఖాళీగా కనిపించే స్థలమే ముందు పోతుంది.

అపోహ: ఎత్తైన గోడ, గేటుకి తాళం, మధ్యలో బాగా ఎత్తైన స్తంభం మీద హైమాస్ట్ లైటు ఉంటే ఆడవాళ్లకి భద్రత.

వాస్తవం: ఎత్తు గోడ ఉంటే లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీది వాళ్లకి కనిపించదు. భయం అక్కడే మొదలవుతుంది. రెండడుగుల గోడ, దాని మీద గ్రిల్ ఉంటే టీ కొట్టు దగ్గరున్న వాళ్లు, నడిచెళ్లే వాళ్లు అందరూ పార్కుకి కాపలానే. ఇక హైమాస్ట్ లైటు కళ్లలో పొడుస్తుంది, చెట్ల కింద మాత్రం చీకటి ఇంకా చిక్కబడుతుంది. కొమ్మల కన్నా కిందగా, పది పన్నెండు అడుగుల స్తంభాలు దారి పొడవునా ఉంటే ఎదురొచ్చే మనిషి ముఖం కనపడుతుంది. ఆడవాళ్లు నాతో చెప్పింది కూడా అదే: "ఎదురుగా వచ్చేది ఎవరో కనిపించాలండీ."

తర్వాత బాత్రూమ్. ఒక పార్కులో ఆడవాళ్ల బాత్రూమ్ కొత్తగా, శుభ్రంగా ఉంది. తాళం వేసి ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుందన్నారు. పదిహేనేళ్ల అమ్మాయి వెళ్లి అంతమంది ముందు ఆయన్ని తాళం అడుగుతుందా? అడగదు. ఇంటికి వెళ్లిపోతుంది, లేదా పార్కుకి రావడమే మానేస్తుంది. ఆయన తప్పేమీ లేదు. కుళాయిలు ఎత్తుకుపోతే తన జీతంలో కోస్తారని ఆయన టెన్షన్ ఆయనది. లోపల కుళాయిలు గోడలో కలిసిపోయేవి బిగించి, తలుపు గేటు వైపు నుంచి కనిపించేలా పెట్టి, తాళం తీసేయించాలి.

పిల్లల విషయానికొస్తే, ఆస్ట్రియాలోని వియన్నాలో 1990లలో పార్కులు పరిశీలిస్తే తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు రావడం బాగా తగ్గిపోతోందని తేలింది. ఉన్న ఒక్క ఆటస్థలాన్ని మగపిల్లలు ఆక్రమించుకుంటే ఆడపిల్లలు పక్కకి తప్పుకునేవారు. 1999లో రెండు పార్కుల్లో పెద్ద స్థలాన్ని ముక్కలుగా విడదీసి, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కి చోటిచ్చి, కూర్చునే చోట్లు, దారులు పెంచారు. మన ఊళ్లో ఆ ఒక్క స్థలంలో జరిగేది క్రికెట్, అంతే తేడా. షటిల్ ఆడుకునే కోర్టు ఒకటి, గేటుకి దగ్గరగా, వెలుతురున్న చోట గీయండి. ఖర్చు చాలా తక్కువ.

అపోహ: ర్యాంపు కట్టాం కాబట్టి వికలాంగులకి ఇబ్బంది లేదు.

వాస్తవం: 1 అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ర్యాంపు ఉండాలి. అర అడుగు మెట్టుకే 6 అడుగులు కావాలన్నమాట. మూడడుగుల్లో ఏటవాలుగా పోసిన సిమెంటు మీద చక్రాల కుర్చీ ఎక్కదు, ఎక్కినా వెనక్కి జారుతుంది. బైకులు రాకుండా గేటులో పాతే స్తంభాల మధ్య కనీసం 3 అడుగులు వదలండి.

అపోహ: జనాన్ని అడిగే చేస్తున్నాం, మీటింగ్ పెట్టాం కదా.

వాస్తవం: మంగళవారం పొద్దున 11 గంటలకి మున్సిపల్ ఆఫీసులో పెట్టిన మీటింగ్‌కి వాకర్స్ అసోసియేషన్ పెద్దలు వస్తారు. వాళ్ల మాట అవసరమే, పార్కుని రోజూ చూసుకునేది వాళ్లే. కానీ వాళ్లు అడిగేది ట్రాక్ గురించే. పొదుపు సంఘాల ఆడవాళ్లని సాయంత్రం వాళ్ల మీటింగ్ దగ్గరే కలవండి. అంగన్‌వాడీకి వెళ్లండి. హైస్కూల్లో ఆడపిల్లల్ని విడిగా అడగండి. పార్కు గోడ పక్కన బండి పెట్టుకునే వాళ్లని అడగండి, రాత్రి అక్కడ ఏం జరుగుతుందో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. అడగక్కర్లేకుండా చెప్పేవి కూడా ఉంటాయి. గడ్డి మీద నడిచి నడిచి పడ్డ కాలిబాట కనిపిస్తే దానికి ముళ్లకంప అడ్డం పెట్టకండి, దారి అక్కడే వేయండి.

అపోహ: పని పూర్తయి రిబ్బన్ కత్తిరిస్తే పార్కు అయిపోయినట్టే.

వాస్తవం: కట్టడానికి డబ్బు దొరుకుతుంది. 2015లో 500 పట్టణాలతో మొదలైన కేంద్ర ప్రభుత్వ అమృత్ పథకంలో 2.5 శాతం వరకు పార్కులు, పచ్చదనానికి కేటాయించారు. నిర్వహణ మాత్రం పట్టణమే స్థానికంగా, ప్రజల్ని కలుపుకుని చూసుకోవాలన్నారు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ఏటా బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి ఉంచాలంటుంది. ఆ డబ్బు మొక్కలు కొనడానికేనా, మాలి జీతానికి కూడానా అన్నది కౌన్సిల్‌లో కూర్చుని అడగాల్సిన ప్రశ్న.

నేను ఎస్టిమేట్ వేసేటప్పుడు మూడేళ్ల నిర్వహణని అందులోనే కలిపి రాస్తాను: ఇద్దరు మాలీలు, బాత్రూమ్ కడిగే మనిషి, మోటారు రిపేరు, ఓపెన్ జిమ్ బేరింగులకి గ్రీజు, కాలిపోయే బల్బులు, ఏడాదికోసారి ఇసుక. మొత్తం పెరిగిందని వెనక్కి పంపిస్తారు. అప్పుడు ఫౌంటెన్ తీసేసి మళ్లీ పంపుతాను. మాలీల పేరున రాసిన రెండు లైన్లు మాత్రం కొట్టేయను.