నల్లగొండ నీళ్లు, ఎక్కడివో ప్రయోగశాలలు

ప్రపంచ శాస్త్రవేత్తల్లో మొదటి రెండు శాతం మందిని గుర్తించే జాబితా ఏటా వెలువడగానే తెలంగాణలో ఏ విశ్వవిద్యాలయం నుంచి ఎందరికి చోటు దక్కిందన్న లెక్కలు జిల్లా పత్రికల్లోనూ కనిపిస్తున్నాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ అయోనిడిస్ బృందం 2019లో మొదలుపెట్టిన ఈ జాబితాకు స్కోపస్ అనే పరిశోధన వ్యాసాల డేటాబేస్‌లో నమోదైన సైటేషన్లే, అంటే ఒకరి వ్యాసాన్ని ఇతరులు ఉదహరించిన లెక్కలే, ఆధారం. ఈ కొలమానంలో నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయాన్ని, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయాన్ని ఉస్మానియా పక్కన నిలబెట్టి చూసేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. నల్లగొండ పేరు అంతర్జాతీయ వైద్య పత్రికలకెక్కి డెబ్బై ఏళ్లు దాటింది. ఆ తర్వాత యాభై ఏళ్లకు గాని ఆ జిల్లాకు విశ్వవిద్యాలయం రాలేదు.

ఆ పేరు తెచ్చినవి తాగునీళ్లు. తాగునీటిలో ఫ్లోరైడ్ మితిమీరడంతో పళ్లను, ఎముకలను పట్టే జబ్బు ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి శాస్త్రీయంగా వర్ణించింది 1937లో. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల రోగులను పరిశీలించి ఆ వివరాలు ప్రకటించింది. నిజాం రాజ్యంలోనూ ఈ జబ్బు ఉందని 1945లో దావర్ ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. పదేళ్ల తర్వాత, 1955లో, సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. దాని శీర్షికలోనే నల్లగొండ జిల్లా పేరు ఉంది. వెన్నెముక బిగుసుకుపోయి, ఎముక పెరిగి వెన్నుపాము మీద ఒత్తిడి పడి, కాళ్లు చేతులు పట్టుతప్పే స్థితిని వివరించిన ఆ వ్యాసాన్ని ఎముకల ఫ్లోరోసిస్ గురించి రాసేవారు ఇప్పటికీ ఉదహరిస్తారు. నరాల మీద ఈ వ్యాధి ప్రభావాన్ని తర్వాతి దశాబ్దాల్లో హైదరాబాద్ వైద్యుడు డి.రాజారెడ్డి విస్తృతంగా అధ్యయనం చేశారు.

నాగార్జునసాగర్ వచ్చాక కథ మరో మలుపు తిరిగింది. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేంత దగ్గరై, పాదాలు ఎడంగా పోయే వైకల్యం ఎదిగే వయసు పిల్లల్లో కనిపించసాగింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి దీనిని 1973లో లాన్సెట్‌లో ప్రకటించారు. జలాశయపు ఊటతో భూగర్భజల మట్టం పెరిగి, నేలలో, తద్వారా జొన్నలో మాలిబ్డినం అనే లోహ మూలకం పెరగడం, శరీరానికి అందే రాగి తగ్గడం దీనికి దారితీసి ఉండవచ్చని ఆ సంస్థ పరిశోధకులు ప్రతిపాదించారు. నీటిలోని ఒక్క మూలకంతో ఆగకుండా ఆనకట్టనూ, పంటనూ, పళ్లెంలోని రొట్టెనూ కలిపి ఆలోచించిన ఈ పరిశోధన ఈ ప్రాంతం మీద జరిగిన పనిలో అన్నిటికంటే సాహసమైనదని నా అభిప్రాయం.

1970ల మధ్యలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు రూపొందించిన శుద్ధి పద్ధతికి ఊరి పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్ అనే ఆ పద్ధతిలో నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, పటిక కలిపి, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పుతారు. తెట్టెలు కట్టిన మడ్డి అడుగుకు దిగాక పైనున్న తేట నీటిని వడకడతారు. సున్నం పటికలో ఇరవయ్యో వంతు ఉంటే సరిపోతుంది. బకెట్‌తో ఇంట్లోనే చేసుకోగల ఈ పద్ధతిని టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లోనూ ప్రయత్నించారు. నీటిలో ఫ్లోరైడ్, క్షారత ఎంత ఉన్నాయన్న దాన్ని బట్టి పటిక మోతాదు మారడం, మడ్డిని పారబోయడం, నీటిలో అల్యూమినియం మిగలడం దీని ఇబ్బందులు. ఏమైనా, టాంజానియా ఇంజనీరుకు పరిచయమైన నల్లగొండ ఒక పద్ధతి పేరు. అక్కడి మనుషుల ఊసు ఆ పేరులో లేదు.

మనుషులు తమ మాట వినిపించింది ఎన్నికల్లో. నీటి కోసం ఉద్యమించిన జల సాధన సమితి పిలుపుతో బాధితులు, రైతులు పోటీకి దిగగా 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది బరిలో నిలిచారు. అప్పటికి ఈ జిల్లాలో ఉన్నత విద్య అంటే డిగ్రీ కళాశాలలు, ఉస్మానియా నడిపే పీజీ కేంద్రమే. పీజీ కేంద్రమంటే పాఠం చెప్పి పరీక్ష పెట్టే చోటు. పరిశోధన చేయదలచినవారు హైదరాబాద్ బస్సెక్కేవారు. నల్లగొండలో 2007లో, మహబూబ్‌నగర్‌లో 2008లో విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డా, అవి ఆ కేంద్రాల పునాది మీద లేచినవే. జిల్లాలోని వాయిలపల్లి వంటి చోట్ల గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఎలా కరుగుతుందన్న అధ్యయనాలూ జరిగాయి. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం బృందాలు కూడా ఈ జిల్లా భూగర్భజలాల మీద పనిచేశాయి. వ్యాసాలలో నల్లగొండ అధ్యయన ప్రాంతంగా ఉండేది. రచయితల చిరునామా మాత్రం వేరే నగరానిది.

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇళ్లకు చేరాయి, తాగునీటి గండం చాలావరకు తగ్గింది. పొలాలకు మాత్రం బోర్లే దిక్కయిన గ్రామాలు ఇంకా ఉన్నాయి. ఆ నీటితో పండిన కూరగాయల్లో, పశువుల పాలలో ఫ్లోరైడ్ ఎంత అన్నది ఒకే గ్రామాల్లో ఏళ్ల తరబడి కొలవాల్సిన పని. ఇలాంటి స్థానిక కొలతలకు సైటేషన్లు పెద్దగా రావు, జాబితాలో చోటు అంతకన్నా రాదు. ఖర్చు కూడా పెద్దది కాదు, ఫ్లోరైడ్‌ను కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ అనే పరికరం ఉన్న మామూలు ప్రయోగశాల చాలు. కావలసింది పదేళ్లపాటు అదే కొలువులో నిలిచే అధ్యాపకుడు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత పోస్టులు ఏళ్లుగా ఖాళీగా ఉండి, ఒప్పంద, పార్ట్‌టైమ్ అధ్యాపకులే తరగతులు నెట్టుకొస్తున్నారు. వాటి భర్తీకి ఉమ్మడి నియామక బోర్డు ఏర్పరచే బిల్లును 2022లో శాసనసభ ఆమోదించగా, అది గవర్నర్ వద్ద నెలల తరబడి ఆగి, తర్వాత రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లింది.