నానమ్మ స్టేటస్, అక్క తాళం

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు. నువ్వడిగింది మిగతా పిల్లలకూ పనికొస్తుందని అందరికీ కలిపి రాస్తున్నా.

తిరుపతి వెళ్తున్నామని నానమ్మ రైలు టికెట్టు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది, అక్క మండిపడింది. అక్కేమో ఇన్‌స్టాగ్రామ్‌లో మొహం కూడా పెట్టదు. "పెద్దవాళ్ళకే కదా భయం ఎక్కువుండాలి?" అన్నావు.

నానమ్మ ఇంకా అరుగు మీదే కూర్చుందిరా. మా చిన్నప్పుడు వీధిలో ఎవరు కనపడినా "ఎవరబ్బాయివిరా?" అనేవారు. ఇంటిపేరు, తాత పేరు, పొలం ఎక్కడో కూడా చెప్పాలి. చెప్పకపోతే పొగరు. పోస్టుమాన్ అరుగెక్కి, మంచినీళ్ళు తాగి, చదువురానివాళ్ళ కార్డులు పైకే చదివేవాడు. ఎవరి కోడలు నీళ్ళోసుకుందో సాయంత్రానికి ఊరంతా తెలిసేది. ఊరెళ్తున్నామని నలుగురికీ చెప్పేది ఇల్లు చూస్తుండమని, గేదెకింత గడ్డి వెయ్యమని.

నానమ్మ టికెట్టూ అందుకే. కాకపోతే దాని మీద పది అంకెల పీఎన్‌ఆర్ ఉంటుంది. రైల్వే సైటులో కొడితే ఏ రైలో, ఏ రోజో ఎవరికైనా కనపడుతుంది. ఇల్లు ఎప్పుడు ఖాళీయో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. స్టేటస్ 24 గంటలుంటుంది, ఒకరి నంబరు ఒకరు దాచుకున్నవాళ్ళకు కనపడుతుంది. ఆవిడ ఫోనులో గ్యాసు అబ్బాయి, గీజరు బాగుచేసినాయన, ఎప్పుడో ఎక్కిన ఆటో అతను, అందరూ ఉన్నారు. ఈ అరుగు మీద చీకటి, పక్కన కూర్చున్నదెవరో తెలీదు.

అక్క వీధి తలుపు వేసుకుంది. మంచిదే. మరి పెరటి తలుపు? స్నాప్‌చాట్ మ్యాపులో తానెక్కడుందో స్నేహితులకు చూపిస్తూనే ఉంది. ఫోను పాస్‌వర్డు ముగ్గురికి తెలుసు. అక్క దాస్తున్నది దొంగల నుంచి కాదు, మీ నాన్న నుంచి, నా నుంచి! ఆ వయసులో అరుగు మీద తాత ఉంటే నేనూ పెరటిదారినే వెళ్ళేవాణ్ణి.

2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 నిండనివాళ్ళను పిల్లలే అంటుంది. మీ వివరాలు వాడుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలనీ అంటుంది. అరవై దాటినవాళ్ళ విషయంలో మాత్రం వాళ్ళు ఒప్పుకుంటే చాలు, ఇంట్లో ఇంకెవర్నీ అడగక్కర్లేదు. అడిగితే బాగుండేదని నానమ్మను చూస్తే అనిపిస్తుంది.

ఆదివారం నానమ్మ పక్కన కూర్చో. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో స్టేటస్ తెరువు. ఎవరికి కనపడాలో ఆవిడ చేతే ఎంచించు, నువ్వు నొక్కకు. ఒక్కో పేరు దగ్గరా ఆగి ఆ మనిషి సంగతంతా చెబుతుంది. విసుక్కోకు.