పోటీ సాఫ్ట్‌వేర్‌ను కొని ఆపేయడం: అపోహలు - వాస్తవాలు

ఇష్టంగా వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్‌ను పెద్ద కంపెనీ కొన్నదని తెలియగానే టెన్షన్ మొదలవుతుంది. అలా కొన్న ఒక ప్రొడక్ట్‌ను మా కంపెనీ ప్రొడక్ట్‌లో కలిపే టీమ్‌లో నేను పనిచేశాను, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పోటీని తొక్కేయడానికే కొంటారు.

వాస్తవం: కొన్నిసార్లు నిజమే. కానీ నేను చూసినంతలో కొనేది ఇంజినీర్ల కోసమో, కస్టమర్ల కోసమో, ఒకటిరెండు ముఖ్యమైన ప్రొడక్ట్‌ల కోసమో. మిగతావి వాటి వెంట వచ్చేస్తాయి. ఆల్డస్ కంపెనీ అమ్మిన ఫ్రీహ్యాండ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కథే చూడండి. 1994లో అడోబీ, ఆల్డస్ కలిసినప్పుడు, అడోబీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌కు పోటీ ఉండదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫ్రీహ్యాండ్‌ను దాని అసలు తయారీదారు ఆల్ట్‌సిస్‌కు తిరిగి ఇప్పించింది. ఆ ఆల్ట్‌సిస్‌ను మాక్రోమీడియా కొన్నది. 2005లో అడోబీ దాదాపు 340 కోట్ల డాలర్లకు మాక్రోమీడియానే కొనేసింది. వెబ్ యానిమేషన్లు చేసే ఫ్లాష్, వెబ్‌సైట్లు తయారుచేసే డ్రీమ్‌వీవర్‌లతో పాటు ఫ్రీహ్యాండ్ మళ్లీ అదే ఇంటికి చేరింది, 2007లో ఇక కొత్త వెర్షన్లు రావని ప్రకటించారు.

అపోహ: కొన్నవాళ్ల సొంత ప్రొడక్ట్‌కు ఢోకా ఉండదు.

వాస్తవం: ఉంటుంది. డ్రీమ్‌వీవర్ చేతికొచ్చాక అడోబీ అదే పనికి వాడే తన గోలైవ్‌ను 2008లో ఆపేసింది.

అపోహ: లాభం వస్తుంటే ఎందుకు ఆపుతారు?

వాస్తవం: ఒకే పనికి రెండు ప్రొడక్ట్‌లంటే రెండు కోడ్‌బేస్‌లు (ప్రోగ్రామ్ మొత్తం కోడ్), రెండు సపోర్ట్ టీమ్‌లు, విండోస్ కొత్తది వచ్చిన ప్రతిసారీ రెండుసార్లు టెస్టింగ్. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ మనుషులు వెళ్లిపోవడం. కొన్న కంపెనీ ఇంజినీర్లకు షేర్లు, బోనస్ విడతలుగా ఇస్తుంది, చివరి విడత అందగానే చాలామంది రాజీనామా చేస్తారు. మా దగ్గర సింక్ భాగం (అన్ని పరికరాల్లో డేటా ఒకేలా ఉంచేది) రాసిన ఇద్దరూ ఒకే నెలలో మానేశారు, ఆ తర్వాత ఆ కోడ్‌లో చెయ్యి పెట్టాలంటేనే భయం, చిన్న బగ్‌కు కూడా వారాలు పట్టేది. వాడేవాళ్లు కోప్పడ్డారు, వాళ్ల కోపం న్యాయమే. ఆపేస్తున్నామని ప్రకటించేనాటికి ఏడాదిగా అందులో ఒక్క కొత్త ఫీచరూ రాలేదు.

అపోహ: వద్దనుకుంటే వేరేవాళ్లకు అమ్మేయొచ్చుగా.

వాస్తవం: అప్పటికే లాగిన్, బిల్లింగ్, సర్వర్లు అన్నీ కొన్న కంపెనీవాటితో ముడిపడిపోతాయి, విడదీయడానికి మళ్లీ ఒక టీమ్ కావాలి. పైగా అమ్మితే రేపు పోటీకొచ్చేది అదే. మైక్రోసాఫ్ట్ 2015లో వండర్‌లిస్ట్ అనే, చేయాల్సిన పనుల జాబితాలు రాసుకునే యాప్‌ను కొన్నది. తిరిగి కొనుక్కుంటానని దాని వ్యవస్థాపకుడు క్రిస్టియన్ రేబర్ 2019లో అందరి ముందే అడిగినా ఇవ్వలేదు, 2020 మే 6న ఆపేశారు. జాబితాలను మైక్రోసాఫ్ట్ సొంత యాప్ టూ డూలోకి తెచ్చుకునే వీలు మాత్రం కల్పించారు.

మీరు వాడేదాన్ని ఎవరైనా కొన్నారని తెలిస్తే ఆ వారమే డేటా ఎక్స్‌పోర్ట్ చేసి, వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి చూసుకోండి. మా యూజర్లు కొందరికి ఫైలైతే వచ్చింది, అందులో అటాచ్‌మెంట్లు లేవు. ఆ సంగతి వాళ్లు గమనించేసరికి సర్వర్లు ఆపేశాం.