ఏమీ తోచని మధ్యాహ్నాలు

"అమ్మా, ఏమీ తోచడం లేదు!" వేసవి సెలవుల్లో ఈ మాట వినపడని ఇల్లు ఉండదు. ఇప్పటి పిల్లలు "బోరు కొడుతోంది" అంటున్నారు కానీ, నాకు పాత మాటే ఇష్టం. విసుగుకీ, బుర్రలో మెరిసే ఊహకీ తెలుగువాళ్లు ఒకే క్రియ వాడారు. మధ్యాహ్నం ఏమీ తోచని పిల్లవాడికే సాయంత్రానికి ఏదో ఒకటి తోస్తుంది.

కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయంలో జాన్ ఈస్ట్‌వుడ్ బృందం 2012లో విసుగుకు ఒక నిర్వచనం ఇచ్చింది: తృప్తినిచ్చే పనిలో మునిగిపోవాలని ఉండీ మునగలేకపోవడం. అంటే ఇది బద్ధకం కాదు. బద్ధకస్తుడికి ఏమీ చేయాలని ఉండదు. విసుగెత్తినవాడికి చేయాలనే ఉంటుంది, ఏం చేయాలో తెలియదు. ఆకలికి దగ్గరి చుట్టం.

ఆకలి వేసినవాడు చేతికందింది తింటాడు. అసలు చిక్కు అక్కడే ఉంది. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో తిమోతీ విల్సన్ బృందం మనుషులను 15 నిమిషాలు ఖాళీ గదిలో ఒంటరిగా కూర్చోబెట్టింది. అక్కడ ఉన్నదల్లా నొక్కితే కరెంటు షాకు కొట్టే ఒక మీట. ఆ షాకు ఎలా ఉంటుందో వాళ్లకు ముందే రుచి చూపించారు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ మీట నొక్కారు! అదే ఏడాది ఇంగ్లండులో సాండీ మాన్, రెబెకా కాడ్‌మన్ కొందరిచేత టెలిఫోన్ డైరెక్టరీలోని నంబర్లు ఎత్తి రాయించి, తర్వాత రెండు థర్మోకోల్ కప్పులతో ఏమేం చేయవచ్చో చెప్పమన్నారు. నంబర్లు రాసి విసిగిపోయినవాళ్లకు, రాయనివాళ్లకంటే ఎక్కువ ఉపాయాలు తట్టాయి.

రెండూ పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగాలే. పిల్లల సంగతి కొలరాడో పరిశోధకులు చూశారు, అదీ 2014లోనే. ఆరేడేళ్ల పిల్లలు వారమంతా ఏమేం చేశారో తల్లిదండ్రులను అడిగి రాసుకున్నారు. తర్వాత పిల్లలను జంతువుల పేర్లు వరసగా చెప్పమన్నారు. ఇంటి జంతువులు అయిపోగానే అడవి జంతువులకు మారాలని ఎవరూ గుర్తుచేయరు. ఆ మలుపు పిల్లలు తమంతట తామే తిరగాలి. పెద్దల అజమాయిషీ లేని సమయం ఎక్కువగా దొరికిన పిల్లలు ఇందులో మెరుగ్గా ఉన్నారు. ఒకటి రెండోదానికి కారణమో, రెండూ కేవలం కలిసి కనిపించాయో ఆ అధ్యయనం తేల్చలేదు. కాబట్టి విసుగును మందులా పూటకింత అని పోయనక్కరలేదు.

నాకు అర్థమైనంతలో విసుగు ఊరికే తోస్తుంది, ఎటువైపో చెప్పదు. మన ఇళ్లలో అన్నిటికంటే ముందు చేతికందే మీట ఫోను. పిల్లవాడి సణుగుడు భరించలేక దాన్ని అందించేది మనమే. అది కాసేపు కనపడకుండా ఉంటే అట్టపెట్టెలూ తాడుముక్కలూ కళ్లబడతాయి. తినేసి పారేసిన రెండు ముంజకాయ డొక్కలు, మధ్యలో ఒక పుల్ల, తోయడానికి పంగలకర్ర: బండి తయారు. దాన్ని మొదట కనిపెట్టిన పిల్లవాడెవడో గానీ, ఆ మధ్యాహ్నం వాడికి కచ్చితంగా ఏమీ తోచి ఉండదు.